మాస్టారి జవాబు: వెండి గుర్రమేనా?

ప్రశ్న: మాస్టారూ, పాత పెట్టెలో తెల్లటి లోహపు గుర్రం బొమ్మ దొరికింది. 262 గ్రాములు తూగింది. కొలజాడీలో ముంచితే నీళ్లు 25కీ 30 మిల్లీలీటర్లకీ మధ్య పెరిగాయి. ఇది వెండేనా? గీరి చూడటానికి మనసొప్పడం లేదు.

జవాబు: గీరకండి. ‘మధ్య’ అని ఊరుకున్నారు చూశారా, చిక్కంతా అక్కడే ఉంది. 262ని 25తో భాగిస్తే 10.5, అచ్చంగా వెండి సాంద్రత. 30తో భాగిస్తే 8.7. అది జర్మన్ సిల్వర్ కావచ్చు. పేరులో తప్ప ఒంట్లో వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం. ఒక్క టీస్పూను నీళ్లు మీ గుర్రం జాతకాన్నే మార్చేస్తున్నాయి!

జాడీ పక్కన పెట్టండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద నీళ్ల గిన్నె ఉంచి అంకెను సున్నా చేయండి. బొమ్మకు సన్నదారం కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకీ అంచుకీ తగలకుండా వేలాడదీయండి. దారం మీ చేతిలోనే ఉన్నా త్రాసు ఏదో అంకె చూపిస్తుంది. అది బొమ్మ బరువు కాదు, బొమ్మ పక్కకు నెట్టిన నీటి బరువు. గ్రాము నీరంటే దాదాపు ఒక మిల్లీలీటరే కాబట్టి 30 గ్రాములు చూపిస్తే బొమ్మ ఘనపరిమాణం 30. ఒక గ్రాము అటూ ఇటూ అయినా సాంద్రత 9.1 దాటదు, వెండి దరిదాపులకు రాదు. నీటి మట్టం చూసి తేల్చడం మోటు పద్ధతని, తూచడమే మేలని గెలీలియో 1586లోనే, 22 ఏళ్ల వయసులో రాశాడు.

బుడగలతో మాత్రం జాగ్రత్త. ల్యాబ్‌లో ఓసారి నాకు ఇత్తడి గుబ్బ సాంద్రత 7.8 వచ్చింది, ఇనుము లెక్క! పచ్చగా మెరుస్తున్న ఇనుమేమిటని అరపూట లెక్కలు తిరగేశాను. తీరా చూస్తే మర బిగించే బెజ్జంలో గాలి. వంచి తట్టగానే బుడుక్కుమంది. మీ గుర్రం జూలు సందుల్లోనూ అలాగే దాక్కోవచ్చు. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేయండి.

బొమ్మ లోపల బోలుగా ఉంటే ఈ లెక్క పనికిరాదు. 10.5 వచ్చినా వెంటనే సంబరపడకండి. సీసం 11.3, దానికి తేలిక లోహం కలిపి పైన వెండిపూత వేస్తే అదే అంకె తెప్పించవచ్చు. అప్పుడు లోహమేదో చెప్పే ఎక్స్‌రే యంత్రం మీద చూపించండి. కానీ అది పైపొరనే చదువుతుంది, పూత మందంగా ఉంటే దాన్నే వెండి అనేస్తుంది. కాబట్టి రెండూ వెండే అంటే వెండి అయ్యే అవకాశమే ఎక్కువ, కానీ నూటికి నూరుపాళ్లూ ఖాయమని మాత్రం అనలేం.