జటాయువుకు దహనసంస్కారం ఎక్కడ జరిగింది?

ప్రశ్న: ఈమధ్య మేము తమిళనాడు యాత్రలో వైదీశ్వరన్ కోయిల్ వెళ్ళినప్పుడు అక్కడి జటాయు కుండాన్ని చూపించి, శ్రీరాముడు జటాయువుకు దహనసంస్కారం చేసిన చోటు ఇదేనన్నారు. కంచి సమీపంలోని తిరుప్పుట్కుళిలోనూ అదే మాట విన్నాము. మనకు లేపాక్షి, భద్రాచలం పక్కన ఏటపాక ఉండనే ఉన్నాయి కదా! దేనిని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వాల్మీకి రామాయణం వరకే చూస్తే సందేహానికి తావు లేదు. అరణ్యకాండ 68వ సర్గలో రాముడు లక్ష్మణుణ్ణి కట్టెలు తెమ్మని, తన తండ్రికి మిత్రుడైన ఆ పక్షిరాజును స్వయంగా చితిపై ఉంచి దహనం చేశాడు. ఆ తరువాత అన్నదమ్ములిద్దరూ గోదావరికి వెళ్ళి ఉదకం విడిచారు. కాబట్టి ఆ చితి గోదావరికి చేరువలోనే ఉండాలి. ఏటపాకను ఒకప్పటి జటాయుపాకగా చెప్పుకునే మాటకు ఉన్న బలం ఇదే. 'లే పక్షీ' అన్న రాముని పిలుపుతో ముడిపడిన లేపాక్షి కథ ఎంత అందమైనదైనా, దానికి ఈ ఆధారం లేదు.

అంతమాత్రాన తమిళ క్షేత్రాల కథను తోసిపుచ్చడం న్యాయం కాదు. వైదీశ్వరన్ కోయిల్ పాత పేరు పుళ్ళిరుక్కువేళూర్. పుళ్ అంటే పక్షి (మన 'పులుగు' గుర్తుకు రాక మానదు), ఇరుక్కు అంటే ఋగ్వేదం, వేళ్ అంటే మురుగన్ (మన సుబ్రహ్మణ్యస్వామి), ఊర్ అంటే సూర్యుడు. ఈ నలుగురూ శివుణ్ణి అర్చించిన ఊరని పేరుకు అర్థం చెబుతారు. 7వ శతాబ్దికి చెందిన శైవ భక్తకవి జ్ఞానసంబంధర్ ఈ ఊరిపై పాడిన పదికంలో (పద్యాల స్తుతిమాలలో) తొలి పద్యమే సంపాతి, జటాయువులను పేర్కొంటుంది. ఆ పక్షి యోజనం దూరం పోయి పూలు తెచ్చి, ఒక్కనాడూ తప్పకుండా స్వామిని పూజించిందని ఒక పద్యం చెబితే, సత్యం పలకని రావణుణ్ణి ఎదిరించి, తాను మాత్రం అసత్యమాడకుండా ప్రాణం విడిచిందని మరొకటి చెబుతుంది. రెక్కలు తెగి నేలకూలిన వీరుడిగానే మనకు తెలిసిన జటాయువు ఇక్కడ రోజూ పూలు మోసుకొచ్చే భక్తుడు. వాల్మీకి చెప్పని ఆ పూర్వజీవితాన్ని తమిళులు పదమూడు శతాబ్దాలుగా కాపాడుకుంటున్నారన్నది నన్ను ఎంతో కదిలించే విషయం.

తిరుప్పుట్కుళి వైష్ణవ దివ్యదేశం, అంటే ఆళ్వారులు కీర్తించిన విష్ణుక్షేత్రాల్లో ఒకటి. పేరుకు 'పక్షి గుంట' అని అర్థం, స్వామి విజయరాఘవ పెరుమాళ్. కుంభకోణం దగ్గరి తిరుప్పుళ్ళంబూదంగుడిలోనూ జటాయువు అంత్యక్రియల కథే ఉంది. శైవులూ వైష్ణవులూ ఒకే పక్షిని తమదిగా భావించి, ఆ ఋణం తీర్చుకునే చోటు తమ ఊళ్ళోనే ఉండాలని కోరుకున్నారు. చితి ఎక్కడిదని అడిగితే నా సమాధానం గోదావరి తీరమే. కానీ వైదీశ్వరన్ కోయిల్ జటాయు కుండంలోని విభూతిని కళ్ళకద్దుకున్నందుకు మీరు సంశయపడనక్కరలేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు అక్కడ ఓదువార్ (శివాలయాల్లో తమిళ స్తుతులు పాడే గాయకుడు) ఉంటే, జ్ఞానసంబంధర్ పదికాన్ని పాడమని అడిగి వినండి.