ఆయన కోపం హిస్టరీ మీదేనా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఎంసెట్‌లోనూ ఫర్వాలేదనిపించే ర్యాంకు వచ్చింది. కానీ ఇంజినీరింగ్ వద్దట, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హిస్టరీ చదువుతుందట. దానికోసం సీయూఈటీ రాసింది. ఫీజు నేనే కట్టాను. వాళ్ల నాన్నకు చెప్పలేదు. ఈమధ్యే ఆయనకు తెలిసింది. అప్పటినుంచి పిల్లతో మాట్లాడటం మానేశారు. ‘బీఏ వాళ్లకు ఉద్యోగాలెవరిస్తారు? రేపు సంబంధాలెలా వస్తాయి?’ అని నా మీద కేకలేస్తున్నారు. మా ఆడపడుచు కొడుకు సీఎస్‌ఈ చేసి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడు. రోజూ ఆ పోలికే. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, అసలు సంగతిని మీరు ఉత్తరం మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు. ఫీజు మీరే కట్టారు. ఆయన కోపంలో సగమైనా దాచిపెట్టినందుకే అయ్యుంటుంది. ఫీజు విషయం ఆయనకు ఇంకా తెలియకపోతే ముందు అది చెప్పేయండి, అమ్మాయి ఇంట్లో లేనప్పుడు. ‘మీరు ఒప్పుకోరని భయపడి నేనూ దాచాను’ అంటే చాలు. ఓ పూట గొడవవుతుంది, కానివ్వండి. తప్పంతా పిల్ల మీదే ఉన్నంతకాలం ఏ కోర్సు గురించి మాట్లాడినా గొడవ మళ్లీ అక్కడికే వస్తుంది.

ఇక ఉద్యోగాలు. ఆయన భయం ఉత్తిదేం కాదు. నాలుగో ఏడాదికల్లా కంపెనీలు కాలేజీకే వచ్చి ఆఫర్ లెటర్ ఇచ్చే చదువు కాదిది. (ఇంజినీరింగ్‌లోనూ అందరికీ ఇవ్వడం లేదు, అది వేరే సంగతి.) హిస్టరీ చదివి నిలదొక్కుకునేసరికి వయసు పాతికేళ్లు దాటుతుంది. అందరూ వెళ్లే దారి టీచింగ్. డిగ్రీ తర్వాత బీఈడీ, టెట్, డీఎస్సీ రాస్తే సోషల్ స్కూల్ అసిస్టెంట్. ఎంఏ చేస్తే జూనియర్ లెక్చరర్. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. ఆయనకు ఈ అంకె ఒకటి చెప్పండి. లాసెట్ రాసి మూడేళ్ల లా చేసేవాళ్లూ ఉన్నారు.

గ్రూప్స్‌కు హిస్టరీ పనికొస్తుంది, అందులో సందేహం లేదు. తెలంగాణ గ్రూప్-2లో నాలుగో పేపరు మొత్తం తెలంగాణ ఉద్యమ చరిత్రే. సివిల్స్ మెయిన్స్‌లో హిస్టరీని ఆప్షనల్‌గా తీసుకుంటే 500 మార్కులు. కానీ ‘గ్రూప్-1 కొడుతుంది’ అని చెప్పి ఆయన్ను ఒప్పించొద్దు. 2022లో 503 పోస్టులకు వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ ఏమైందో గుర్తుందా? ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో 563 పోస్టులకు మళ్లీ మొదటినుంచి నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ రెండేళ్లూ హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల్లో గడిపిన పిల్లల్నడిగితే తెలుస్తుంది.

నేను మీ అమ్మాయిని అడగాలనుకునేది వేరే ఉంది. ఆమెకు చరిత్ర ఇష్టమా, రాజుల కథలు ఇష్టమా? శాసనం చదవాలంటే ముందు రాతి మీది మట్టి, నాచు పోయేలా కడగాలి. తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొట్టాలి. కాస్త ఆరాక పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. దాన్ని ముందేసుకుని పూటంతా కూర్చుంటే రెండు పంక్తులు అర్థమవ్వొచ్చు. వాటిలో ఎప్పుడూ యుద్ధాలే ఉంటాయనుకోవద్దు. ఫలానా గుడి దీపానికి నెయ్యి కోసం ఫలానా ఆయన ఇన్ని ఆవులిచ్చాడని ఉంటుంది. ఆ ఆవుల లెక్క దగ్గర ఆమెకు ‘ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు’ అని ప్రశ్న పుడితే చదవనివ్వండి. ఆవులింత వస్తే మాత్రం మళ్లీ ఆలోచించుకోమనండి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం ఉంది. ఓ ఆదివారం ముగ్గురూ వెళ్లిరండి. ఆయన రానంటే మీరిద్దరే వెళ్లండి, కానీ ఈసారి చెప్పి వెళ్లండి.

ఈ రంగంలో నిలబడాలంటే డిగ్రీతో పాటు ఒక పాత భాషో, పాత లిపో చేతిలో ఉండాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలం ఫార్సీ కాగితాలు కట్టలుకట్టలుగా ఉన్నాయి. వాటిని చదవగలిగేవాళ్లు కొద్దిమందే. గచ్చిబౌలిలోనే, మీ మేనల్లుడి ఆఫీసు ఉన్న ఏరియాలోనే, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఫార్సీ నేర్పుతారు. సంస్కృతమో, పాత తెలుగు-కన్నడ లిపో పట్టుబడితే కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది. ఎంఏ తర్వాత గ్రేటర్ నోయిడాలో ఆ శాఖ నడిపే ఆర్కియాలజీ సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. మ్యూజియాల వైపు వెళ్లాలంటే ఆ పక్కనే నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది. అన్నిచోట్లా సీట్లు తక్కువే, పోటీ ఉంటుంది.

సంబంధాల గురించి నా దగ్గర పెద్ద సలహా లేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల కోర్సును ఇంకా ముఖం కూడా చూడని పెళ్లికొడుకు నచ్చుబాటును బట్టి తేల్చడం నాకు సబబుగా అనిపించదు. ఆయనకు ఈ మాట ఇంత ఘాటుగా చెప్పకండి.

డిగ్రీ, ఎంఏ కలిసుండే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుకు ఫీజెంత, హాస్టలెంత, మూడో ఏడాదికల్లా ఏ భాష నేర్చుకుంటుంది, ఎంఏ అయ్యాక రెండేళ్లలో ఏదీ కుదరకపోతే ఏం చేస్తుంది అన్నవి అమ్మాయినే ఒక కాగితం మీద రాసి నాన్న ముందు పెట్టమనండి. ఆయన ప్రశ్నలేస్తారు. మీరు మధ్యలో దూరి జవాబులివ్వొద్దు. సెంట్రల్ యూనివర్సిటీ లిస్టు వచ్చేదాకా ఎంసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లనని మొండికేయొద్దని కూడా చెప్పండి. ఆయన కోసమైనా ఆప్షన్లు పెట్టమనండి. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ దోస్త్‌లో నిజాం కాలేజీ, కోఠి మహిళా యూనివర్సిటీ కూడా పెట్టుకుంటే సెంట్రల్‌లో సీటు రాకపోయినా బీఏ అక్కడ చేసి, ఎంఏకి మళ్లీ సీయూఈటీ రాయొచ్చు. ఈసారి ఆ ఫీజు వాళ్ల నాన్ననే కట్టమనండి.