మొదటి వీఎంసీ కొనాలి: మన కంపెనీదా, తైవాన్‌దా, చైనాదా?

బాలానగర్‌లో జాబ్ వర్క్ చేస్తూ మీరు మొదటి వీఎంసీ (నిలువు స్పిండిల్ ఉండి, కంప్యూటర్ ప్రోగ్రాంతో లోహాన్ని కోసే మిల్లింగ్ మెషిన్) కొనబోతున్నారు. ఏ దేశం మెషిన్ తీసుకోవాలని అడిగారు. చైనా మెషిన్లు ఇంత చవగ్గా వచ్చిపడుతుంటే మన తయారీదార్లు ఎలా బతుకుతారు, సుంకం పెంచాలి కదా అని కూడా అన్నారు. జీడిమెట్లలో మా షెడ్డులో ఈ మూడు రకాలూ నడిచాయి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఒకటి కనుక్కోండి. మెషిన్ ఆగితే ఎవరొస్తారు, ఎంత తొందరగా వస్తారు? అది ఏ దేశందన్న లెక్క ఆ తర్వాతే.

మా చైనా మెషిన్ కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడిచింది. 2020లో గల్వాన్ గొడవ తర్వాత చైనా టెక్నీషియన్లకు వీసాలు దొరకడం కష్టమైపోయింది. సరిగ్గా అప్పుడే టూల్ ఛేంజర్ (పని మధ్యలో కటింగ్ టూళ్లను దానంతటదే మార్చే భాగం) చెయ్యి సగం తిరిగి ఆగిపోయింది. ఒక టూల్ తిరిగే స్పిండిల్లో, ఒకటి గ్రిప్పర్లో, తెర మీద ఏదో అలారం నంబరు. మాన్యువల్ అంతా వెతికినా ఆ నంబరు లేదు. డీలర్ పంపిన కుర్రాడి దగ్గర పారామీటర్ల (మెషిన్ సెట్టింగుల) బ్యాకప్ కూడా లేదు. రాత్రిళ్లు వీడియో కాల్‌లో చైనా నుంచి ఇంజనీర్ చేత్తో చూపిస్తుంటే మేము బోల్టులు విప్పాం. ఈలోపు పార్టీకి ఇవ్వాల్సిన అల్యూమినియం హౌసింగులు పక్క షెడ్డులో మా రేటు కన్నా ఎక్కువిచ్చి చేయించుకున్నాం. కొన్నప్పుడు మిగిలిందంతా అక్కడే పోయింది.

ఇక స్వదేశీ సంగతి. మన మెషిన్ ఎలక్ట్రికల్ క్యాబినెట్ తలుపు ఒకసారి తెరిచి చూడండి. కంట్రోలర్ (మెషిన్‌ని నడిపే కంప్యూటర్) ఎక్కువగా జపాన్ ఫానుక్ లేదా సీమెన్స్‌. టేబుల్‌ని కచ్చితంగా జరిపే బాల్ స్క్రూలు, లీనియర్ గైడ్‌లు కూడా చాలావరకు జపాన్, తైవాన్, జర్మనీలవే. బెడ్ కాస్టింగ్, అసెంబ్లీ, అలైన్‌మెంట్ మనవాళ్లవి. ఆ విడిభాగాలతో కలిపి అన్నిటికీ సుంకం పెంచితే బెంగళూరులో తయారయ్యే మన మెషిన్ ధర కూడా పెరుగుతుంది. మీరు 30 లక్షల తైవాన్ మెషిన్ తెచ్చుకుంటే 7.5 శాతం కస్టమ్స్, దాని మీద సర్‌ఛార్జి కలిపి రెండున్నర లక్షల దాకా పడుతుంది. దిగుమతి మీద కట్టే జీఎస్టీ (ఐజీఎస్టీ) క్రెడిట్‌గా వెనక్కొస్తుంది, ఈ కస్టమ్స్ సుంకం రాదు. అంటే దేశీయ కంపెనీకి ఈ మాత్రం రక్షణ ఇప్పటికే ఉంది.

పోటీకి మనవాళ్లు నిలబడరని కూడా అనుకోవద్దు. 1953లో స్విస్ కంపెనీ ఓర్లికాన్ సాయంతో మొదలైన ప్రభుత్వ మెషిన్ టూల్ కంపెనీ హెచ్‌ఎంటీ, మన సికింద్రాబాద్ ప్రాగా టూల్స్ 1991లో దిగుమతులకు తలుపులు తెరిచాక దెబ్బతిన్న మాట నిజమే. అదే పోటీలో ఏస్, బీఎఫ్‌డబ్ల్యూ, జ్యోతి, మన లోకేష్ మెషిన్స్ నిలిచాయి కదా! చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్‌లు, మామూలు మూడు యాక్సిస్ వీఎంసీల్లో వాళ్లను తీసిపారేయలేం. ఐదు యాక్సిస్, ప్రెసిషన్ గ్రైండింగ్ దగ్గరికొస్తే మాత్రం ఇంకా బయటి వాళ్లదే పైచేయి. దేశం మొత్తం మెషిన్ టూల్స్ వాడకంలో దాదాపు సగం దిగుమతే.

సెకండ్ హ్యాండ్ జపాన్ మెషిన్ అంటూ ఎవరైనా ఆశపెడితే జాగ్రత్త. తోషిబా అనుబంధ కంపెనీ సోవియట్లకు జలాంతర్గాముల ప్రొపెల్లర్లు చేసే మిల్లింగ్ మెషిన్లు అమ్మిందని 1987లో పెద్ద రగడ అయ్యాక జపాన్ ఎగుమతి నిబంధనలు బిగించింది. ఇప్పుడు చాలా హై ఎండ్ మెషిన్లలో కదలికను పసిగట్టే పరికరం ఉంటుంది. చోటు మారిస్తే లాక్ అయిపోతుంది, కంపెనీ వాళ్లొచ్చి తీస్తేనే మళ్లీ నడుస్తుంది. పాత ఓనర్ దగ్గర నుంచి కదిలించకముందే ఆ కంపెనీతో మాట్లాడుకోండి.

మీ పని మామూలు డ్రిల్లింగ్, పాకెట్ మిల్లింగ్ అయితే నేనైతే హైదరాబాద్‌లో సర్వీస్ ఇంజనీర్ ఉన్న దేశీయ కంపెనీదే తీసుకుంటాను. అడ్వాన్స్ ఇచ్చేముందు మీ సొంత డ్రాయింగ్, మీ మెటీరియల్ పట్టుకెళ్లి ట్రయల్ కట్ తీయించండి. షోరూమ్ పీసు చూసి మురిసిపోవద్దు. ఇంపోర్టెడ్ డీలర్ ఈపీసీజీ (ఎగుమతులు చేస్తామన్న హామీ మీద మెషిన్ దిగుమతి సుంకం మాఫీ చేసే ప్రభుత్వ పథకం) కింద సుంకమే ఉండదని ఊరించొచ్చు. దానికి మిగిల్చుకున్న సుంకానికి ఆరు రెట్లు ఆరేళ్లలో ఎగుమతి చేసి చూపించాలి. లోకల్ జాబ్ వర్క్‌తో అది తీరేది కాదు.