కప్పల రంగుల మీద పరిశోధన చేయాలనుకునే విద్యార్థిని ముందుగా దేనిలో పట్టు సాధించాలి?

ప్రశ్న: మా అమ్మాయి జంతుశాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఒకే జాతి కప్పలు ఒక్కో ప్రాంతంలో ఒక్కో రంగులో ఎందుకుంటాయో, వాటి జన్యువుల్లోనూ అలాంటి తేడాలున్నాయో లేదో పరిశోధిస్తానని పట్టుబడుతోంది. ఇంత చిన్న అంశాన్ని నమ్ముకుంటే ఉపాధి దొరుకుతుందా? ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి?

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న అంశం చిన్నదిగా కనిపించడం సహజమే. అయితే ఒకే జాతి రెండు జాతులుగా విడిపోవడం ఎక్కడ, ఎలా మొదలవుతుందన్న జీవశాస్త్రపు మౌలిక ప్రశ్నకు జవాబు వెతికే దారుల్లో ఇదొకటి కాబట్టి, ఆమె ఆసక్తిని తేలికగా తీసుకోవద్దని ముందుగా కోరుతున్నాను.

పనామా దేశపు కరేబియన్ తీరంలో ఉన్న బోకాస్ డెల్ టోరో ద్వీపాలను ఉదాహరణగా చూడండి. అక్కడి స్ట్రాబెర్రీ విషకప్ప రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు గానీ, ఒక ద్వీపంలో ఎర్రగా, మరో ద్వీపంలో ఆకుపచ్చగా, ఇంకొక చోట నీలంగానో పసుపుగానో కనిపిస్తుంది. గత మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరగడంతో ఈ ద్వీపాలు ప్రధాన భూభాగం నుంచి విడిపోయాయి. పరిణామ చరిత్రలో అది చాలా స్వల్ప కాలం. ఇంత తక్కువ కాలంలో ఇన్ని రంగులు ఎలా ఏర్పడ్డాయన్నదే చిక్కు ప్రశ్న. రంగులో తేడా, జన్యువుల్లో తేడా ఒకదానితో ఒకటి సరిపోలితే, విడిగా బతకడం వల్లనే మార్పు వచ్చిందని భావించే వీలుంటుంది. జన్యుపరంగా బాగా దగ్గరైన రెండు సమూహాలు రంగులో మాత్రం పూర్తిగా వేరైతే, ప్రకృతి వరణమో (బతకడానికి అనువైన లక్షణాలే తరతరాలుగా నిలవడం), జత ఎంపికో ఆ రంగును ప్రత్యేకంగా మార్చిందని అనుమానించాలి. దీనికి తోడు, ఒక రంగు పిల్లలను మరో రంగు తల్లి చేత పెంచినప్పుడు, ఎదిగిన ఆడ కప్పలు పెంచిన తల్లి రంగున్న మగ కప్పల వైపే మొగ్గాయని 2019లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. అంటే జత ఎంపికను జన్యువులతో పాటు పెంపకం కూడా ప్రభావితం చేయగలదు. ఇలాంటి ఫలితాలు చదివినప్పుడు మీ అమ్మాయికి వెంటనే మరో ప్రశ్న తోస్తుంటే, ఆమె ఈ రంగానికి తగిన మనిషేనని నేను నమ్ముతాను.

ఇక నేర్చుకోవలసిన వాటిలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది గణాంకశాస్త్రం. రెండు సమూహాల మధ్య కనిపించే జన్యు భేదం కేవలం దూరం వల్ల వచ్చిందా, మధ్యలో ఉన్న కొండో సముద్రమో అడ్డుకోవడం వల్ల వచ్చిందా, లేక చిన్న సమూహాల్లో యాదృచ్ఛికంగా జరిగే మార్పు వల్లనా అన్నది లెక్కలతోనే తేలుతుంది. ఆర్, పైథాన్ భాషల్లో ప్రోగ్రామింగ్ కూడా తప్పనిసరి, ఎందుకంటే స్ట్రాబెర్రీ విషకప్ప జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్ఏ, పరిమాణంలో మనిషి జీనోమ్‌కు సుమారు రెట్టింపు ఉంటుంది, పైగా అందులో పునరావృతమయ్యే భాగాలు విపరీతం; అంత సమాచారాన్ని చేత్తో విశ్లేషించలేం. కప్ప నోటి లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా తీసి డీఎన్ఏ వేరుచేయడం వంటి ప్రయోగశాల పనులు అభ్యాసంతో వస్తాయి. రంగును కొలవడం మాత్రం అనుకున్నంత సులభం కాదు. కప్పలను వేటాడే పక్షుల్లో చాలావాటికి అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది కాబట్టి, మన కంటికి ఒకేలా ఉన్న రెండు కప్పలు వాటికి వేరుగా కనిపించవచ్చు. అందుకే ఒక్కో తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతి వస్తుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ అనే పరికరంతో కొలుస్తారు. కప్ప ఆకుపచ్చదనం కూడా సాధారణంగా ఒకే వర్ణద్రవ్యం వల్ల రాదు. లోపలి కణాలు వెదజల్లే నీలి కాంతి పైనున్న పసుపు వర్ణద్రవ్యం గుండా రావడంతో అలా కనిపిస్తుంది.

ఉపాధి సంగతి దాపరికం లేకుండా చెప్పాలి. కేవలం కప్పల రంగుల కోసమే ఏర్పాటైన ఉద్యోగాలు చాలా తక్కువ. డాక్టరేటు, ఆ తర్వాతి తాత్కాలిక పరిశోధక పదవులు కలిపితే స్థిరపడటానికి పదేళ్లు దాటినా ఆశ్చర్యపోవద్దు. అయితే జనాభా జన్యుశాస్త్రం (ఒక జాతి సమూహాల్లోని జన్యు తేడాల అధ్యయనం), డేటా విశ్లేషణ రెండూ తెలిసినవారు పంటల అభివృద్ధిలో, వ్యాధుల వ్యాప్తిని గమనించే సంస్థల్లో, జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్‌లో కూడా పని చేయగలరు. ఉభయచర జాతుల్లో సుమారు 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి గనుక, సంరక్షణ కేంద్రాల్లో ఏ ప్రాంతపు కప్పలను వేటితో జత కలపవచ్చో, వేటిని విడిగా ఉంచాలో నిర్ణయించడానికి ఈ జ్ఞానం నేరుగా ఉపయోగపడుతుంది.

క్షేత్రపని గురించి కూడా ఆమెతో మాట్లాడండి. చాలా జాతుల కోసం వర్షాకాలపు రాత్రుళ్లు తడి అడవిలో తిరగవలసి వస్తుంది, కప్పలకు ప్రాణాంతకమైన చర్మవ్యాధి తెచ్చే కైట్రిడ్ శిలీంధ్రాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మోయకుండా ప్రతి చోటా బూట్లను, పరికరాలను శుద్ధి చేయాలి. అనుమతుల వ్యవహారం ఇంకా ఓపిక అడుగుతుంది. స్ట్రాబెర్రీ విషకప్ప 1987 నుంచి, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉంది కాబట్టి, నమూనాలను దేశం దాటించాలంటే అధికారిక పత్రాలు కావాలి. అందువల్ల ఏ పరిశోధక బృందంలో చేరాలనుకున్నా, నమూనాలు సేకరించే అనుమతి ఇప్పటికే ఉందా, పాత నమూనాలు నిల్వ ఉన్నాయా, అనుమతి ఆలస్యమైతే మొదటి సంవత్సరం ఏ డేటా మీద పనిచేయాలి అన్న మూడు ప్రశ్నలను కాబోయే పర్యవేక్షకుడిని ఆమె స్వయంగా, రాతపూర్వకంగా అడగడం మంచిది.