సూపర్‌హీరో గుట్టు మొదట ఇంట్లోవాళ్లకే తెలియాలి

మీరు అడిగింది ఇది: స్నేహితులతో సూపర్‌హీరో రోల్‌ప్లేయింగ్ గేమ్ (ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా మాట్లాడుతూ బల్ల చుట్టూ ఆడే ఆట) ఆడిస్తున్నారు, హీరో అసలు ఎవరన్న రహస్యాన్ని కథలో ఎలా వాడుకోవాలి, విలన్‌కి ఎప్పుడు తెలిసేలా చేయాలి అని. విలన్ సంగతి ముందు చెప్పేస్తాను. వాడికి తెలియాల్సిన తొందరేమీ లేదండి. ఆ తొందరే చాలా ఆటల్ని పాడుచేసింది. విలన్ ఫోన్ చేసి "నువ్వెవరో నాకు తెలుసు" అంటాడు, ఇంట్లోవాళ్లని ఎత్తుకుపోతాడు, హీరో వెళ్లి విడిపించుకొస్తాడు. అక్కడితో ఆ రహస్యం ఖర్చయిపోతుంది. తరువాత వాడుకోడానికి ఏమీ మిగలదు.

నేను పాలకొల్లులో ఆడిస్తాను, మా మేడ మీద గదిలో, ఆదివారం మధ్యాహ్నాలు. ఆడేది మాస్క్స్. 2016లో వచ్చిన ఆట, అందులో హీరోలందరూ కుర్రకారే. జానస్ అని ఒక తరహా పాత్ర ఉంటుంది, ముసుగు బతుకూ మామూలు బతుకూ రెండూ మోసేవాడు. చదువు, పని, ఇల్లు, ఇలా తన బాధ్యతలేమిటో ముందే రాసుకోవాలి. కథలో కొంతకాలం గడిచినప్పుడు వాటిని ఎలా నెట్టుకొస్తున్నాడో రెండు పాచికలు వేసి చూడాలి. రహస్యం మీద ఇంత తెలివైన నిబంధన ఇంకే ఆటలోనూ లేదని రాసిస్తాను. దెబ్బ విలన్ వైపు నుంచి రాదు, కాలేజీలో అటెండెన్స్ వైపు నుంచి వస్తుంది.

మన తెలుగు కుర్రాళ్లు ఆడుతూ కూడా కథని అమెరికా మహానగరంలో పెట్టడం నాకు ససేమిరా నచ్చదు. ఎదురింట్లో ఎవరుంటారో తెలియని ఊళ్లో ముసుగు దాచడం ఏమంత కష్టం? కోనసీమలో దాచి చూడమనండి. వీధిలోకి కొత్త బండి వస్తే సాయంత్రానికి దాని ధర కూడా చెప్పేస్తారు. రాత్రి రెండింటికి తడిబట్టలతో ఇంటికొచ్చిన కుర్రాడి గురించి తెల్లారేసరికి పాలు పోయించుకునే చోట చర్చ జరగదా?

అందుకే మా ఆట కోనసీమలో పెట్టాం. భీమవరంలో ఇంజనీరింగ్ చదివే ఒకమ్మాయి మా దగ్గర ఆడుతుంది. ఆమె పాత్ర ఇంటర్ చదివే కుర్రాడు. అమ్మానాన్నలు కువైట్‌లో, తను గోదావరి లంకలో మామ్మ దగ్గర. ఎగరగలడు. ముసుగు వేసుకుంటే పేరు వైనతేయ, వాళ్ల లంక పక్కన పారే పాయ పేరే.

ఒకవారం వరద తెప్పించాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరింది, మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు అన్నాను. బల్ల చుట్టూ ఎవరూ వివరం అడగలేదు. 2022 జూలై వరద అందరికీ గుర్తే. వైనతేయ లంకలో జనాన్ని ఒక్కొక్కళ్లనే ఏటిగట్టు మీదికి చేరుస్తున్నాడు. ఒక పెంకుటింటి కప్పు మీద వాళ్ల మామ్మ కూర్చుని ఉంది. ఎలా ఎత్తుకుంటావని అడిగాను. ఆ అమ్మాయి క్షణం ఆలోచించకుండా, "ఎడమ మోకాలు నొప్పి కదండీ, ఆ కాలు మడత పడకుండా కింద చెయ్యేసి ఎత్తుకుంటాను" అంది.

ఎడమ మోకాలని ముసుగు మనిషికి ఎవరు చెప్పారు? నేను ఏమీ పట్టించుకోనట్టే ఉన్నాను. గట్టు మీద దింపాక మామ్మ మాటగా ఒక్కటే అన్నాను: "జాగ్రత్త బాబూ." ఆట ముందుకు వెళ్లిపోయింది.

పైవారం, వరద తీసింది. కుర్రాడు బురద కొట్టుకున్న ఆ వేషాన్ని దొడ్లో కొబ్బరి డొక్కల వెనక దాచి కాలేజీకి వెళ్లాడు. సాయంత్రం వచ్చి చూస్తే లేదు. పెరట్లో దండెం మీద మామ్మ నేతచీర ఒకటి వెడల్పుగా పరిచి ఉంది. అంచు ఎత్తి చూస్తే కింద వేషం, ఉతికి ఆరేసి. పక్కింటివాళ్ల కంట పడకుండా పైన చీర కప్పింది. భుజం దగ్గర చిరిగినచోట నల్లదారం దొరక్క ముదురాకుపచ్చ దారంతో కుట్టు వేసి ఉంది.

ఆ అమ్మాయి చేతిలో పాచికలు పక్కన పెట్టేసింది. కాసేపటికి "మామ్మ ఎక్కడుంది?" అని అడిగింది. వంటింట్లో ఉందన్నాను. వెళ్లింది. మామ్మ కంచం పెట్టి, "తిని పడుకో నాన్నా, రాత్రికి ఎక్కడికీ వెళ్లేది లేదుగా?" అంది. ఇప్పుడు నిజం చెప్పాలా, అబద్ధం ఆడాలా? "లేదు మామ్మా" అంది ఆ అమ్మాయి. గంటలో మిగతా హీరోల దగ్గర నుంచి కబురు వచ్చింది, వెళ్లక తప్పదు. ఆ రాత్రి జరిగిన ఫైటు ఎవరికీ గుర్తులేదు. మామ్మ అడిగిన ప్రశ్న గురించి మాత్రం ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

నేను చెప్పేది ఇదే. రహస్యం తెలియనివాళ్లు, అనుమానించేవాళ్లు, ఈ ఇద్దరితోనే అందరూ సరిపెట్టుకుంటారు. తెలిసీ అననివాళ్లు మూడోరకం, కథంతా వాళ్ల దగ్గరే ఉంది. మన ఊళ్లలో ఇది రోజూ జరిగేదే. ఫలానావాళ్లబ్బాయి ప్రేమ వ్యవహారం వీధి వీధంతా తెలుసు, వాళ్లమ్మ ముందు మాత్రం ఒక్కరూ నోరెత్తరు. లాకుల దగ్గర నీళ్లు వదిలినట్టు గుట్టు కొంచెం కొంచెంగా వదలాలి.

ఇది మనకి కొత్త విద్యా కాదు. తిక్కనగారి విరాటపర్వం తెలిసినవాళ్లకి సూపర్‌హీరో ఆటల పుస్తకాలు రహస్యం గురించి కొత్తగా చెప్పేదేం లేదు. బయటపడితే మళ్లీ పన్నెండేళ్ల అడవి అని మూల్యం ముందే చెప్పేశారు. వంటశాలలో వలలుడు, నర్తనశాలలో బృహన్నల, ఎవరి పని వాళ్లకి ఉంది. ద్రౌపదిని కాపాడాలంటే భీముడు కీచకుణ్ణి చంపాలి. గంధర్వులు చంపారని పుకారు పుట్టించినా, కీచకుణ్ణి చంపగలవాడు ఇంకెవడుంటాడని దుర్యోధనుడు ఊహించనే ఊహించాడు. శక్తి వాడితే ఆచూకీ దొరుకుతుంది, వాడకపోతే సొంతమనిషికి అన్యాయం జరుగుతుంది. మీ ఆటలో ప్రతి హీరోనీ ఈ ఇరకాటంలో ఒక్కసారైనా పెట్టండి.

నిబంధనల మాటకొస్తే, 1981 నాటి ఛాంపియన్స్ అనే సూపర్‌హీరో ఆటలో రహస్య గుర్తింపు అని రాసుకుంటే పాత్ర తయారీకి అదనంగా పాయింట్లు ఇచ్చేవారు. ఆ పద్ధతి నాకు గిట్టదు. పాయింట్లు మొదట్లోనే పుచ్చుకుని ఆ సంగతి మర్చిపోతారు. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అనే ఇంకో ఆట పద్ధతి నయం, ఆ రహస్యం వల్ల ఇబ్బంది వచ్చిపడినప్పుడు, ఆటలో తరువాత వాడుకోడానికి హీరో పాయింట్ ఇస్తారు. అప్పుడు ఆటగాడే ఇబ్బందిని వెతుక్కుంటూ వస్తాడు.

ఇంకో బాధ ఉంది. పదిమందిని పాత్రలు తయారుచేయమంటే తొమ్మిదిమంది అనాథలే వస్తారు. అమ్మ లేదు, నాన్న లేడు, చుట్టం లేడు, పక్కం లేడు. ఎవరి నుంచి దాస్తాడండి వీడు? నా దగ్గర ఆడాలంటే ఒకే ఇంట్లో తిరిగే మనుషులు ఇద్దరైనా ఉండాలి, వాళ్లకి పేర్లుండాలి, ఏం తింటారో ఏం జబ్బులో రాసుండాలి. మోకాలి నొప్పి ఆ కాగితం మీదే ఉంది, ఆట మొదలవకముందే ఆ అమ్మాయి రాసుకుంది.

బల్ల చుట్టూ ఉన్న ఆటగాళ్ల దగ్గర మాత్రం ఏదీ దాచకండి. పాత్రలకి తెలియకపోతే చాలు. చీటీలు అందించుకోవడం, పక్కగదిలోకి పిలిచి గుసగుసలాడటం వల్ల మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు, నాకు అది చూస్తే ఒళ్లు మండుతుంది. అందరికీ తెలిస్తే అందరూ కలిసి దాస్తారు. ఆ చీర ఎపిసోడ్ తరవాత మా మెడికల్ షాపు కుర్రాడు తన పాత్ర చేత వైనతేయ కాలేజీ రికార్డులు రాయించాడు, వాడు రాత్రుళ్లు ఎక్కడికెళ్తున్నాడో మామ్మకి చెప్పడానికి ఒక సాకు ఉండాలని.

విలన్‌కి ఎప్పుడు చెప్పాలన్నది ఆ హీరో పాత్ర ఆడేవాళ్లనే అడగండి. వద్దంటే వద్దు. ఈలోపు మీ హీరోకి అక్కో వదినో ఉంటే వచ్చేవారం ఆవిడకి అనుమానం రానివ్వండి, ఆవిడ ఏం అడిగిందో, వాడేం చెప్పాడో ఇక్కడ రాయండి. నాకు తెలుసుకోవాలని ఉంది.