1953 సినిమాలో మూడు కాళ్లు ఎక్కడికి పోయాయంటే

వెల్స్ నవల ‘ద వార్ ఆఫ్ ద వరల్డ్స్’ చదివి 1953 సినిమా పెడితే భూమి మీదికి దాడికొచ్చే అంగారకుల మూడు కాళ్ల యంత్రాలే లేవు, వేరే సినిమా చూశానా అని అడిగారు కదా. లేదండీ, అదే. కథను ఇంగ్లండ్‌లోని వోకింగ్ నుంచి కాలిఫోర్నియాకి మార్చారు, యంత్రాలను రెక్కల్లా పరుచుకున్న టెక్కు చేప (మాంటా రే) ఆకారంలో గాల్లో తేలించారు. కాళ్లు మాత్రం పూర్తిగా పోలేదు. యంత్రాలు గుంటలోంచి మొదటిసారి పైకి లేచే సీన్ ఆపి ఆపి చూడండి: కింద సన్నటి మూడు వెలుగు గీతలు, నేల తగిలినచోట నిప్పురవ్వలు. సినిమాలోని సైంటిస్టు కూడా అవి కంటికి కనబడని కాళ్లలాంటివనే చెబుతాడు. పాత కాపీల్లో యంత్రాలను వేలాడదీసిన తీగలు కనిపించి మజా చెడుతుంది. పాత సినిమాలను డిస్కులుగా వేసే క్రైటీరియన్ సంస్థ 2020 బ్లూరే తీసుకోండి, అందులో ఆ తీగలు తుడిచేశారు.

అసలు కాళ్లే కావాలంటే స్పీల్‌బర్గ్ 2005 సినిమా. అందులో యంత్రాలు ముందే భూమిలో పాతిపెట్టి ఉంటాయి, అది నవలలో లేదు. సెల్లార్‌లో దాక్కునే ఓగిల్వీ పేరు నవలలోని ఖగోళ శాస్త్రజ్ఞుడిది, పిచ్చి మతగురువుది, సొరంగం తవ్వే యావ సైనికుడిది. ముగ్గురినీ కలిపి వండారు. నవలలో అంగారకులు వదిలే విషపు నల్లపొగ, వాళ్లతో పోరాడే థండర్ చైల్డ్ యుద్ధనౌక మాత్రం ఈ రెండు సినిమాల్లోనూ వెతక్కండి, లేవు.