గాలి, నీరు, ఎండ నుంచి కరెంటు ఎలా పుడుతుంది?

సోలార్ ప్యానెల్‌ను పక్కన పెడితే, మిగతావన్నీ దాదాపు ఒకే పని చేస్తాయి: దేన్నో ఒకదాన్ని గిర్రున తిప్పడం. పాత సైకిల్ డైనమో గుర్తుందా? చక్రానికి ఆనించగానే లైటు వెలిగేది, తొక్కడం కాస్త బరువయ్యేది. ఆ అదనపు శ్రమే కరెంటుగా మారేది. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుందని 1831లో శాస్త్రవేత్త ఫారడే చూపించాడు. జలవిద్యుత్తులో ఆ తిప్పే పని పైనుంచి దూకే నీటిది. భూమి లోపలి వేడితోనో, బయోమాస్‌తోనో (పంట వ్యర్థాలు, కట్టెల వంటివి) నడిచే కేంద్రాల్లో ఎక్కువగా ఆవిరిది. గాలిమరలో గాలిది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి 8 రెట్లవుతుంది, పైకి వెళ్లేకొద్దీ గాలి వేగంగా వీస్తుంది, అందుకే మరలను అంత ఎత్తున నిలబెడతారు.

సోలార్ దారే వేరు. అందులో తిరిగేదేమీ లేదు. సిలికాన్ మీద వెలుతురు పడితే ఎలక్ట్రాన్లు విడివడతాయి. సెల్‌లోని రెండు సిలికాన్ పొరలు కలిసేచోట ఉండే విద్యుత్ క్షేత్రం వాటిని ఒకే వైపు తోస్తుంది. ఒక్కో సెల్ ఇచ్చేది అర వోల్టు పైచిలుకే, కాబట్టి ప్యానెల్‌లో చాలా సెల్‌లను వరుసగా కలుపుతారు. వచ్చేది డీసీ (ఒకే దిశలో పారే కరెంటు), ఇంట్లో వాడాలంటే ఇన్వర్టర్ దాన్ని ఏసీగా (దిశ మారుతూ ఉండే కరెంటుగా) మార్చాలి. అన్నట్టు, చాలామంది అనుకునేట్టు దీనికి కావలసింది వేడి కాదు, వెలుతురు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది కూడా.